పెరటిలో తీపి మొక్కజొన్న

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు నెల్లూరు జిల్లా పడమటి భాగమందలి మెట్టసీమలు. జొన్న, సజ్జ, కంది ఇచ్చటి పూర్వపు పంటలు. పెన్నానదిపై సోమశిల జలాశయము వెలసినను, కొండల చెంతనున్న పెక్కు పల్లెలకు వాననీరు, బావినీరే ఆధారము. అట్టి చోట రెండు మూడు సెంట్ల పెరడు గలవాడు తీపి మొక్కజొన్న వేయగోరినచో, పోసిన నీరు వ్యర్థము కాకుండ ముందే ఆలోచింపవలెను.

మొక్కజొన్నకు పుట్టినిల్లు మెక్సికో దేశము. సుమారు 9,000 సంవత్సరములకు పూర్వము అచ్చటి జనులు ఒక అడవి గడ్డిని సాగుచేసి, తరతరములుగా మేలైన గింజలను ఏరి విత్తుటచే అది నేటి రూపము దాల్చెను. తీపి మొక్కజొన్న వేరు జాతి కాదు; అందొక రకము. సాధారణపు గింజలో చక్కెర పిండిగా మారును. తీపి గింజలో ఆ మార్పు మందగించును. అందుచేతనే దాని విత్తనము ఎండినపుడు ముడుతలు పడియుండును.

మాధురి, ప్రియ అనునవి ఆచార్య ఎన్. జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము వారి రకములు. ఇవి సంకరములు కావు గనుక, ఇతర రకములకు దూరముగా పెంచినచో మరుసటి ఏటికి విత్తనము దాచుకొనవచ్చును. సంకర రకముల కండెలు ఒక్క తీరుగా ఎదుగును. కాని వాని గింజలు తిరిగి నాటిన ఆ గుణములు నిలువవు. కావున ఏటేట విత్తనము కొనవలెను.

రకమెంత మంచిదైనను ఒక చిక్కు కలదు. మొక్కజొన్న పుప్పొడిని గాలి మోసికొనిపోవును. మొక్క తలపై మగపూత, నడుమ కండెకు పీచు ఉండును. పీచులోని ఒక్కొక్క పోగు ఒక్కొక్క గింజకు చెందినది. పోగుపై పుప్పొడి పడనిచో గింజ కట్టదు. పొరుగు చేనిలోని మేత మొక్కజొన్న పుప్పొడి పడినచో గింజ కట్టును గాని, తీపి పోయి పిండిగింజ యగును. వంగ, బెండలలో పొరుగు పుప్పొడి ఆ యేటి కాయ రుచిని మార్చదు. ఇందు మాత్రము మార్చును.

కాబట్టి విత్తుటకు ముందే, “అన్నా, ఈ మారు నీ చేనిలో ఏమి విత్తుదువు? ఎప్పుడు విత్తుదువు?” అని పొరుగు రైతు నడుగవలెను. అతడును మొక్కజొన్నయే వేయునెడల, ఇరువురి విత్తులకు నడుమ మూడు వారముల ఎడముంచినచో రెండు పూతలు కలిసి రావు.

ఒక్క పొడుగాటి సాలు కంటె నాలుగు పొట్టి సాళ్ళు మేలు. పుప్పొడి అన్ని కండెలకు అందును. సాలుకు సాలు 60, మొక్కకు మొక్క 20 సెంటీమీటర్ల ఎడము చాలును. పూత సమయమున నీరు తప్పరాదు. తీవ్రమైన ఎండకు పుప్పొడి సత్తువ చెడును గనుక, పూత నడివేసవిలో పడకుండ చూడవలెను. 2018లో మన దేశమున కనబడిన కత్తెర పురుగు ఆకుసుడిలో దాగియుండును. దినదినము పరీక్షించి ఏరివేయవలెను.

పీచు వెలువడిన సుమారు 20 దినములకు గింజను గోటితో నొక్కిన పాలు చిమ్మును. అదియే కోతకు అదను. కోసిన పిమ్మట తీపి తగ్గుచుండును గనుక చల్లని వేళ కోసి వెంటనే వండుట మంచిది.

పెరటికి కంచె వేయవచ్చును. గాలికి కంచె లేదు. మంచి విత్తనము సంపాదించుట ఎంత ముఖ్యమో, పొరుగువానితో పొత్తు కలిగియుండుటయు అంత ముఖ్యము.