శిక్షణకు ముందు బరువు తగ్గాలంటే: తగ్గేది నీరా, కొవ్వా?

శిక్షణ సీజన్ మొదలయ్యేలోగా రెండు మూడు కిలోలు తగ్గాలని చాలామంది క్రీడాకారులు అనుకుంటారు. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు సిద్ధమయ్యేవారిలో కొందరు వేసవిలోనే ఆ ప్రయత్నం మొదలుపెడతారు. ఈ ఆలోచనకు భౌతికశాస్త్రం మద్దతు ఉంది. సమతలంపై ఒక కిలోమీటరు పరుగెత్తడానికి, శరీర బరువులో ప్రతి కిలోకూ సుమారు 1 కిలోకెలోరీ ఖర్చవుతుంది. 70 కిలోల వ్యక్తికి 10 కిలోమీటర్లకు 700 కిలోకెలోరీలు కావాలి. అదే వ్యక్తి 67 కిలోలకు తగ్గితే 670 సరిపోతాయి.

కానీ ఈ లాభం దక్కాలంటే తగ్గిన మూడు కిలోలూ కొవ్వే కావాలి. కండ కరిగితే, బండి బరువుతోపాటు ఇంజను శక్తి కూడా తగ్గినట్టే. తగ్గింది ఏమిటో వెయింగ్ మెషీన్ చెప్పదు.

మొదటి వారం మాయ

తిండి బాగా తగ్గించిన మొదటి వారంలోనే కిలోన్నర, రెండు కిలోలు తగ్గడం మామూలే. అందులో ఎక్కువ భాగం నీరు. మన కండరాలు, కాలేయం పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటాయి. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు కూడా నిల్వ ఉంటుంది. 400 గ్రాముల గ్లైకోజెన్ ఖర్చయితే, దాని నీటితో కలిపి 1.6 కిలోలు తగ్గుతాయి. మళ్లీ కడుపునిండా అన్నం తినడం మొదలుపెడితే అదంతా తిరిగి వస్తుంది. పైగా గట్టిగా పరుగెత్తడానికి ముఖ్యమైన ఇంధనం ఆ గ్లైకోజెనే.

చెమట సంగతీ అంతే. లీటరు చెమట పోతే కిలో తగ్గుతుంది, కొవ్వు మాత్రం అలాగే ఉంటుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన రెజ్లర్ అమన్ సెహ్రావత్ కాంస్య పోరుకు ముందు దాదాపు 10 గంటల్లో 4.6 కిలోలు తగ్గాడు. అది తూకం కోసం, నిపుణుల పర్యవేక్షణలో చేసిన పని. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు ఇలా వేగంగా నీటిని పోగొట్టుకునే ప్రయత్నంలోనే చనిపోయారు. మే నెల ఎండలో రెయిన్‌కోటు వేసుకుని పరుగెత్తేవారు ఈ విషయం మరవకూడదు.

కొవ్వు వెళ్లే దారి

మరి కొవ్వు ఎలా పోతుంది? 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ పరమాణువుల లెక్క వేసి చూపారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతాయి. మిగిలిన 1.6 కిలోలు నీరవుతాయి. అలాగని గబగబా ఊపిరి తీస్తే లాభం లేదు. కణాలు ఇంధనాన్ని మండించిన మేరకే ఆ వాయువు తయారవుతుంది. అందుకే ఈ పని నెమ్మదిగానే సాగుతుంది.

శరీరంలోని కిలో కొవ్వులో సుమారు 7,700 కిలోకెలోరీలుంటాయి. వారానికి అరకిలో తగ్గాలంటే రోజుకు 550 లోటు కావాలి. రెండు పెద్ద చెంచాల నూనెలో దాదాపు 240, పావుకిలోకు కాస్త తక్కువ అన్నంలో దాదాపు 310 ఉంటాయి. రోజూ ఆ మేరకు తగ్గిస్తే లెక్క సరిపోతుంది. ఈ లెక్కన మూడు కిలోలకు ఆరు వారాలు పడుతుంది. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చూ కొంత తగ్గుతుంది కాబట్టి మరో వారం, రెండు వారాలు అదనంగా ఉంచుకోవడం మంచిది.

నిదానమే లాభం

2011లో ప్రచురితమైన నార్వే అధ్యయనంలో మేటి క్రీడాకారులు రెండు జట్లుగా బరువు తగ్గారు. ఒక జట్టు వారానికి శరీర బరువులో 0.7 శాతం, మరో జట్టు 1.4 శాతం లక్ష్యంగా పెట్టుకుంది. ఇద్దరూ వారానికి నాలుగుసార్లు బరువులెత్తే వ్యాయామం చేశారు. చివరికి రెండు జట్లూ దాదాపు ఒకే మేరకు, 5.5 శాతం చొప్పున తగ్గాయి. కానీ నిదానంగా తగ్గినవారిలో కొవ్వు 31 శాతం, తొందరపడినవారిలో 21 శాతం తగ్గింది. కండ సహా కొవ్వు కాని బరువు మొదటి జట్టులో 2 శాతం పెరిగింది, రెండో జట్టులో పెరగనేలేదు.

అందువల్ల లోటు పెట్టుకోవాల్సింది శిక్షణ తీవ్రమయ్యేలోపే. సీజన్ మొదలయ్యాక తిండి శిక్షణకు సరిపడా ఉండాలి. బరువు తగ్గే రోజుల్లోనూ పప్పు, పెరుగు, గుడ్లు, చేపలు తగ్గించకూడదు. శరీర బరువులో ప్రతి కిలోకూ రోజుకు కనీసం 1.6 గ్రాముల ప్రోటీన్ కండను కాపాడటానికి ఉపకరిస్తుంది. రోజువారీ తూకం చూసి కంగారు పడకుండా, ఉదయం ఒకే సమయంలో తూచుకుని వారం సగటు చూసుకోవాలి.

ఎదిగే వయసు పిల్లలు, ఇప్పటికే సన్నగా ఉన్నవారు ఈ ప్రయత్నం చేయకూడదు. అవసరానికి తగిన శక్తి అందకపోతే ఎముకలు, హార్మోన్లు, రోగనిరోధక శక్తి దెబ్బతింటాయని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014 నుంచి హెచ్చరిస్తోంది. అమ్మాయిల్లో నెలసరి ఆగిపోవడం దానికి స్పష్టమైన గుర్తు. దాన్ని కఠిన శిక్షణ ఫలితమని సరిపెట్టుకోకుండా, బరువు తగ్గే ప్రయత్నం ఆపి వైద్యులను కలవాలి.