పండ్లకు తీగలు

వంకరగా మొలచిన పండ్లను సరిచేయుటకు వైద్యులు అమర్చు సాధనమును మనవారు క్లిప్పులందురు. ఇది నిన్న మొన్న పుట్టిన యాలోచన కాదు. ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు పియేర్ ఫోషార్ 1728వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథములో, పండ్లను లోహపు పట్టీకి దారములతో కట్టి వరుసకు తెచ్చు విధమును వర్ణించెను. నేడు ఒక్కొక్క పంటిపై చిన్న బిళ్ళను అతికించి, వానిని పలుచని తీగతో కలుపుదురు.

పన్ను గోడలో దిగగొట్టిన మేకువంటిదని మనము తలంతుము. అది సరికాదు. పంటి వేరునకును ఎముకకును నడుమ సన్నని నారపొర యొకటి కలదు. తీగ పన్నును నొక్కినపుడు ఆ ప్రక్క నున్న యెముక మెల్లగా కరగును. రెండవ ప్రక్క క్రొత్త యెముక పెరిగి ఖాళీని పూడ్చును. నెలకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు మాత్రమే యీ ప్రయాణము! కనుకనే సాధారణముగా ఏడాదిన్నరయో రెండేండ్లో పట్టును. తొందరపడి మిక్కిలి బలముగా లాగినచో పంటి వేరు దెబ్బతినవచ్చును.

తీగ బిగించిన పిదప రెండు మూడు దినములు నమలుట కష్టము. అప్పుడు ఇడ్లీ, మెత్తని పప్పన్నము, పెరుగన్నము మేలు. లోహము బుగ్గకు ఒరసికొనుచున్నచో, వైద్యుడిచ్చిన మైనమును చిన్న ఉండగా చేసి ఆ బిళ్ళపై అద్దవలెను. గోరువెచ్చని ఉప్పునీరు పుక్కిలించినను హాయిగా నుండును. ఈ బాధలు కొలది దినములలో మరపునకు వచ్చునవే. అట్లు మరపునకు రానిది వేరొకటి కలదు.

మా వీధి బాలిక యొకతె క్లిప్పులు వేయించుకొన్న నాటినుండి నోటికి చేయి అడ్డము పెట్టుకొనియే నవ్వెడిది. రాత్రివేళ పండ్లు తోముకొనుటకు మాత్రము ఆమెకు బద్ధకము. రెండేండ్లకు తీగలు తీసిరి. పండ్లు చక్కగా వరుసకు వచ్చినవి. కాని ముందు పండ్లపై, బిళ్ళలుండిన చోటుల చుట్టును, సుద్దతో గీచినట్లు తెల్లని మచ్చలు! బిళ్ళల ప్రక్కల నిలిచిన మెతుకులను, తీపిని సూక్ష్మజీవులు ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పంటి పింగాణీపొరలోని ఖనిజములను హరించును. అట్టి మచ్చలు కొంత తగ్గవచ్చును గాని పూర్తిగా పోవుట అరుదు. అందుచేత తినిన ప్రతిసారియు పుక్కిలించి, ఫ్లోరైడు గల పేస్టుతో తీగకు పైనను క్రిందను బ్రష్షు నడిపి తోమవలెను. తీగ వెనుకకు దూరు సన్నని బ్రష్షులును దొరకుచున్నవి. వేపపుల్ల నమలుట మాత్రము ఆ రోజులలో వలదు, బిళ్ళ ఊడిపోవచ్చును.

చెరకుగడ, జంతికలు, వేరుసెనగ ఉండలు – వీనికిని అంతవరకు సెలవే. సంక్రాంతినాడు ఇది కొంచెము కఠినమైన నియమమని యొప్పుకొనవలెను. జామపండును కొరుకక, ముక్కలుగా కోసి తినవచ్చును.

తీగలు తీసినంతనే పని ముగియదు. పండ్లు తమ పూర్వస్థానమునకు మరలజూచును. వానిని నిలుపుటకై, తీసి పెట్టుకొనదగిన రిటెయినరు నిత్తురు. భోజనమునకు ముందు దానిని తీసి డబ్బాలో నుంచవలెను. పైని చెప్పిన బాలిక యొక పెండ్లివిందులో దానిని విస్తరి ప్రక్కన పెట్టినది. విస్తళ్ళన్నియు ఎత్తివేసిన పిదపగాని ఆ సంగతి జ్ఞప్తికి రాలేదు. మరునాడు తండ్రిని వెంటబెట్టుకొని, మరల పండ్ల అచ్చు ఇచ్చుటకు వైద్యుని యొద్దకు పోయినది.