రేరింగ్ స్టాండు: ఇంట్లో కట్టుకోవాలా? కొనుక్కోవాలా?



కొమ్మల మేత పద్ధతిలో పట్టుపురుగులు పెంచాలంటే అరల స్టాండు తప్పనిసరి. ఇనుప స్టాండు చూసి వచ్చిన రైతు "అప్పు చేసైనా కొందామా?" అంటాడు. ధర విన్న రైతు "నాలుగు కర్రలు కట్టుకుంటే చాలదా?" అంటాడు. రెండూ సబబైన ప్రశ్నలే. తేల్చుకునే ముందు ఈ కింది విషయాలు గమనించండి.

1. స్టాండు ఎంత బరువు మోయాలి?

100 డి.ఎఫ్.ఎల్. గుడ్ల పెంపకానికి ఐదవ దశ చివరికి సుమారు 500 చదరపు అడుగుల పడక కావాలి. 35 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పుతో మూడు అరలు ఉంటే 525 చదరపు అడుగులు వస్తుంది. అరకూ అరకూ మధ్య 2 నుండి 2½ అడుగులు, చుట్టూ నడవడానికి 3 అడుగులు వదలాలి.

గూడు కట్టే ముందు ఒక్కొక్క పురుగు 4 గ్రాముల దాకా తూగుతుంది. అంటే పురుగుల బరువే సుమారు 150 కిలోలు. దానికి తోడు పైన కొమ్మలు, కింద పేరుకున్న పెంట. ఆ రోజుల్లో ఒక అర తెగిపడితే పంట చేతికొచ్చే వేళ నష్టం. కాబట్టి స్టాండు బలాన్ని చాకీ పురుగులను చూసి కాదు, ఐదవ దశను చూసి లెక్కించాలి.

2. ఇంట్లో కట్టుకునేవారికి

కోలారు, చిక్కబళ్ళాపురం, కృష్ణగిరి ప్రాంతాలలో నీలగిరి, సర్వి కర్రలు దొరుకుతాయి. కొట్టిన వెంటనే వాడరాదు. పచ్చి కర్ర ఎండితే సన్నబడి కట్లు వదులవుతాయి. బెరడు తీసి, నీడలో నెల రోజులైనా ఆరబెట్టాలి.

35 అడుగుల స్టాండుకు 5 అడుగులకొక జత చొప్పున 8 జతల కాళ్ళు, అంటే 16 కర్రలు కావాలి. మూడు అరలకు 24 అడ్డకర్రలు. ఇరువైపులా ఏటవాలు కర్రలు కట్టకపోతే స్టాండు ఊగుతుంది. పురుగులు లేనప్పుడే ప్రతి అరపై ఇసుక మూటలు పెట్టి ఒక రాత్రి ఉంచి, ఉదయం కట్లు చూడండి.

చెదలకు భయపడి కర్రలకు పురుగుల మందు పూయకండి. ఆ మందు పట్టుపురుగులను కూడా చంపుతుంది. కాళ్ళను నీళ్ళు పోసిన సిమెంటు గిన్నెలలో నిలిపితే చీమలూ రావు.

3. కొనేవారికి

అతుకుల వద్ద వెల్డింగు చూడండి. వంగని కడ్డీ, విప్పి మళ్ళీ బిగించగల బోల్టులు ఉన్న స్టాండు మేలు. కొత్త రంగు వాసన పూర్తిగా పోయేవరకు పురుగులను ఎక్కించరాదు. రాయితీ ఉన్నదేమో కొన్న తరువాత కాదు, కొనకముందే అడగండి.

4. ఖర్చు లెక్క

ఉదాహరణకు ఇనుప స్టాండు 36,000 రూపాయలు, 15 ఏళ్ళు వస్తుందనుకోండి. ఏడాదికి 2,400. కర్ర స్టాండు కూలితో కలిపి 8,400 రూపాయలు, 3 ఏళ్ళు వస్తుందనుకోండి. ఏడాదికి 2,800. చేతిలో డబ్బున్నవారికి ఇనుమే చౌక.

అదే 36,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 720, ఏడాదికి 8,640. ఒక్క ఏడాది వడ్డీతో కర్ర స్టాండు మొత్తం లేచి నిలబడుతుంది! బోరు ఎండి, రెండు పంటలు పోయినా వడ్డీ ఆగదు. మీ ఊరి ధరలు వేసుకొని ఈ లెక్క మీరే చేసి చూడండి.

5. శుద్ధి మరువరాదు

కర్ర సందులలో, తాడు ముడులలో రోగక్రిములు దాగుతాయి. 1980లో కర్ణాటకలో ప్రవేశించిన ఊజీ ఈగ పిల్లపురుగులు కూడా సందులలోనే కోశస్థ దశకు చేరుతాయి. ప్రతి పంట తరువాత తాళ్ళు విప్పి కడగాలి. పాతబడినవి కాల్చివేసి కొత్తవి కట్టాలి. 100 లీటర్ల నీటికి 2 కిలోల బ్లీచింగ్ పౌడరు, 300 గ్రాముల తడి సున్నం కలిపిన ద్రావణంతో గదిని, స్టాండును తడపాలి. బ్లీచింగ్ ఇనుమును తినేస్తుంది కనుక రంగు లేచిన చోట వెంటనే రంగు వేయాలి. తాళ్ళు విప్పే ఓపిక లేనివారికి కర్ర స్టాండు పనికిరాదు.

ముగింపు

కొత్తగా పెంపకం మొదలుపెట్టినవారు, అప్పు తప్ప వేరే దారి లేనివారు కర్ర స్టాండుతో మొదలుపెట్టండి. రెండు మూడేళ్ళు పంటలు నిలకడగా వచ్చాక గూళ్ళ డబ్బుతోనే ఇనుప స్టాండు కొనండి. ఒకేసారి మొత్తం కొనలేకపోతే ఏడాదికి కొంత చొప్పున మార్చుకోవచ్చు. పురుగుకు కావలసింది శుభ్రమైన, కదలని పడక. అది కర్రదైనా, ఇనుముదైనా గూడు ఒక్కటే.

సందేహాలుంటే మీ దగ్గరి పట్టుపరిశ్రమ సాంకేతిక సేవా కేంద్రం సిబ్బందిని సంప్రదించండి.