మాండొలిన్‌పై గమకము

మన నెల్లూరు తీరమునకు ఉత్తరమున, పశ్చిమగోదావరి జిల్లాయందలి పాలకొల్లులో ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28వ తేదీన జన్మించెను. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాద్యకారులు. ఆరవ యేట ఆ బాలుడు తండ్రిగారి మాండొలిన్‌ను చేతబట్టెను.

అది పాశ్చాత్య వాద్యము. అందు నాలుగు జతల తంత్రులుండును. మీటిన నాదము శీఘ్రముగా అణగిపోవును; మెట్లు స్వరములను విడివిడిగా నిలుపును. కర్ణాటక సంగీతమునకు ప్రాణమైన గమకమో, స్వరమునుండి స్వరమునకు జారుచు ఊగవలెను. కావున ఈ వాద్యము మన రాగములకు తగదని పెక్కురు సందేహించిరి.

గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించుట రాదు. వారు పాడుచుండగా శిష్యుడా పాటను తంత్రులపై వెదకికొనెను. పిమ్మట జతలకు మారుగా ఐదు ఒంటి తంత్రులు కూర్చి, నాదము నిలుచుటకై విద్యుత్తు సాయము గైకొనెను.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనయందు తొలి కచేరి జరిగెను. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించెను. జాజ్ అనగా అమెరికాలో నల్లజాతివారి నడుమ పుట్టిన సంగీతము. తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్ అను ఆంగ్లేయ జాజ్ గిటారు విద్వాంసునితో 'రిమెంబర్ శక్తి' బృందమున పాల్గొనెను. 1998లో పద్మశ్రీ లభించెను. 2014 సెప్టెంబరు 19వ తేదీన, నలువదియైదేండ్ల ప్రాయముననే చెన్నపట్టణమున మరణించెను.

విద్యార్థులారా, గురువునకు రాని వాద్యమును శిష్యుడు గురుముఖముననే నేర్చెను. సాధనములు కొఱతయని మనము చింతించునపుడు దీనిని తలంచుట మేలని మా అభిప్రాయము. ముందు శ్రద్ధగా వినుడు. పిదప ఓర్పుతో సాధింపుడు.