పశువు వెంట్రుకలు – ఎండకు ఓర్చే శక్తి



ఆవును కొనేటప్పుడు పొదుగు చూస్తాము, పళ్ళు చూస్తాము, వెంట్రుకలను పట్టించుకోము. నూజివీడు వంటి ఎండ ప్రాంతంలో ఇది పొరపాటు.

ఒంగోలు ఎద్దును గమనించండి. పొట్టి, తెల్లని, నున్నని వెంట్రుకలు ఎండను చాలావరకు వెనుకకు మళ్ళిస్తాయి. అడుగునున్న నల్లని చర్మం ఎండ దెబ్బను కాచుకుంటుంది. చెమట త్వరగా ఆరి ఒళ్ళు చల్లబడుతుంది. అందుకే అది వేసవి దుక్కిలో నిలుస్తుంది.

చలిదేశపు రక్తం ఎక్కువైన సంకరజాతి ఆవుకు వెంట్రుకలు దట్టంగా ఉండవచ్చు. అప్పుడు ఒంటి వేడి బయటకు పోదు. ఆవు రొప్పుతుంది, మేత మానుతుంది, పాలు తగ్గుతాయి. 1960లో టర్నర్, ష్లెగర్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు పశువుల వెంట్రుకలను, నున్నని వాటి నుండి ఉన్నివంటి వాటి వరకు, ఏడు తరగతులు చేశారు. నున్నని వెంట్రుకల పశువులే బాగా పెరుగుతాయని చూపారు.

గేదెకు వెంట్రుకలు పలచన, చెమటా తక్కువే. దానికి నీడ, నీళ్ళు తప్పనిసరి.

జ్ఞాపకముంచుకోవలసినవి:

1. కొనేముందు పశువు పక్కల మీద చేయి రాచి చూడండి. పొట్టిగా, నున్నగా ఉన్నదానినే ఎన్నుకోండి.

2. మధ్యాహ్నం మామిడి నీడన కట్టండి. పురుగుమందు చల్లిన తోటలో మాత్రం కట్టవద్దు.

3. వేసవి వచ్చినా పాత వెంట్రుకలు రాలక గరుకుగా ఉంటే కడుపులో పురుగులో, పోషణ లోపమో ఉండవచ్చు. పశువైద్యునికి చూపించండి.