పొలం వీడియోలు పోగొట్టుకోకండి: ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఎలా వాడాలి?



ఈ మధ్య మనలో చాలామంది సొంతంగా పొలం వీడియోలు తీస్తున్నారు, సంతోషం. "అన్నా, ల్యాప్‌టాప్ నిండిపోయింది, ఎడిటింగ్ మధ్యలో ఆగిపోతోంది, ఏ డిస్క్ కొనాలి?" అని అడుగుతున్నారు. నేను చదివింది అగ్రికల్చర్ డిప్లొమా, కంప్యూటర్ కాదు. ఇక్కడ తిరువూరులో మామిడి తోట చేసుకుంటూ, దెబ్బ తిని నేర్చుకున్నదే చెబుతున్నాను.

ముందు ఆ దెబ్బ గురించి. ఒక ఏడాది మే నెలలో పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లిన రోజు నుంచి పంట కోత దాకా, వారం వారం ఒకే గట్టు మీద నిలబడి వీడియో తీశాను. అంతా ఒకే హార్డ్ డిస్క్‌లో పెట్టాను. మంచం మీద పెట్టుకుని ఎడిటింగ్ చేస్తుంటే పాప కాలికి కేబుల్ తగిలి, డిస్క్ తిరుగుతుండగానే కింద పడింది. టక్ టక్ మని చప్పుడు, అంతే. రికవరీ చేసేవాళ్లు కొంతే తీయగలిగారు. మా పక్క చేను పెద్దాయన దేశీ విత్తనం ఎలా ఎంచాలో చెప్పిన ముక్క కూడా అందులోనే పోయింది. పంటంటే మళ్లీ ఏడు తీసుకోవచ్చు. ఆ పెద్దాయన ఇప్పుడు లేరు.

ఎంత స్థలం కావాలి?

నా కెమెరాలో 4కె వీడియో సెకనుకు 100 మెగాబిట్లు. అంటే నిమిషానికి 750 ఎంబీ, గంటకు 45 జీబీ. 1 టీబీ డిస్క్ కొంటే విండోస్‌లో 931 జీబీ అనే చూపిస్తుంది. మోసం కాదండీ, లెక్క వేసే తీరు వేరు. అంటే సుమారు 20 గంటల వీడియో. డిస్క్‌ని పూర్తిగా నింపకండి, కొంత ఖాళీ ఉంచండి.

ఏ డిస్క్?

హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతుంది, సూది లాంటి భాగం చదువుతుంది. ధర తక్కువ, దాచుకోవడానికి మంచిది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు ఉండవు. ధర ఎక్కువే కానీ వేగం చాలా ఎక్కువ, కుదుపులకు తట్టుకుంటుంది. అందుకే ఎడిటింగ్ ఎస్‌ఎస్‌డీ మీద, నిల్వ హార్డ్ డిస్క్ మీద. ఎస్‌ఎస్‌డీని ఏళ్ల తరబడి ప్లగ్ చేయకుండా బీరువాలో వదిలేయకండి, డేటా చెడిపోవచ్చు.

పోర్టు, కేబుల్ చూసుకోండి

మంచి డిస్క్ కొని పాత యూఎస్‌బీ 2.0 పోర్టుకు పెడితే, పెద్ద బోరుకు సన్న పైపు బిగించినట్టే. అందులో సెకనుకు 30-40 ఎంబీకి మించి రాదు. 100 జీబీ కాపీకి ముప్పావు గంట పైనే. మూడు 4కె వీడియోలు ఒకేసారి ఆడిస్తే సెకనుకు 37 ఎంబీ పైగా కావాలి, అందుకే ఆగిపోతుంది. యూఎస్‌బీ 3.0 పోర్టు వాడండి, చాలావాటిలో లోపల నీలం రంగు ఉంటుంది. అప్పటికీ ల్యాప్‌టాప్ మొరాయిస్తే డావిన్చీ రిజాల్వ్‌లో ప్రాక్సీ ఫైళ్లు చేసుకోండి. చిన్న సైజు నకలు మీద ఎడిట్ చేసి, చివర్లో అసలు ఫైలుతో వీడియో తీసుకోవచ్చు.

ఫార్మాట్ ఎఫ్‌ఏటీ32 అయితే 4 జీబీకి మించిన ఫైలు ఎక్కదు. విండోస్, మ్యాక్ రెండింటికీ పనికొచ్చేది ఎక్స్‌ఫాట్. ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా పోతుంది, కాబట్టి కొత్తలోనే చేసుకోండి.

విత్తనం దాచినట్టు దాచండి

మన పెద్దలు విత్తనం మొత్తం ఒకే గాదెలో పోయలేదు. వీడియో కూడా అంతే. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఇంట్లో. నాది ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీలో ఒకటి, బీరువాలో హార్డ్ డిస్క్‌లో ఒకటి, మా అత్తగారి ఊళ్లో ఇంకొకటి. నెలకోసారి మార్చుకుంటాను.

ఇంకొన్ని జాగ్రత్తలు:
- కాపీ అయిన ఫైళ్లు తెరిచి చూశాకే కెమెరా కార్డు చెరపండి.
- డిస్క్‌ని 'సేఫ్లీ రిమూవ్' చేశాకే పీకండి.
- డెస్క్‌టాప్ వాడేవాళ్లకు యూపీఎస్ తప్పనిసరి. కాపీ మధ్యలో కరెంటు పోతే ఫైళ్లు పాడవుతాయి.
- ఫోల్డర్‌కు తేదీ, పంట, మడి పేరు పెట్టండి. రెండేళ్ల తర్వాత వెతుక్కునేది మీరే.

మీ ఊళ్లో విత్తనం గురించి, పశువు గురించి తెలిసిన పెద్దవాళ్లు ఎవరైనా చెప్పిన వీడియో మీ ఫోన్లో ఒక్కటే కాపీ ఉంటే, ఈ రాత్రి పడుకునేలోపు రెండో చోట పెట్టండి. డిస్క్ సంగతి తర్వాత చూసుకుందాం.

ఎలా కాపీ చేయాలో, ప్రాక్సీ ఎలా చేయాలో పై వీడియోలో చూపించాను. ఉంటానండీ.