వేసవి ప్రయాణంలో క్యాంపర్ ట్రైలర్: గాలి, చల్లదనం



కారు వెనక లాక్కెళ్లే క్యాంపర్ ట్రైలర్‌కు అరిజోనా ఎండ ముఖ్యంగా పైకప్పు నుంచి, కిటికీల అద్దాల నుంచి తగులుతుంది. గోడలు పలచన, లోపలి జాగా ఇరుకు. కారులో ఏసీ ఎంత నడిచినా ఆ చల్లదనం వెనక్కి చేరదు. మూసిపెట్టిన ట్రైలర్ మధ్యాహ్నానికి బయటి గాలికన్నా ఎక్కువ వేడెక్కుతుంది. కొత్తగా కొన్నవారు ముందు ఏసీ సైజు గురించి ఆరా తీస్తారు గానీ, మొదట చూసుకోవాల్సింది లోపల చేరిన వేడి ఏ దారిన బయటికి పోతుందన్నదే.

బండి కదిలే ముందు కిటికీలకు తెరలు దించి, అద్దాలకు మెరిసే ఫాయిల్ షీట్లు పెట్టాలి. కప్పు మీది వెంట్ మూత తెరిచి ఉంటే గాలి ఒత్తిడికి ఊడిపోతుంది. దానిపై విడిగా కవర్ బిగించుకున్నవారు మాత్రం తెరిచి ఉంచవచ్చు. మట్టిరోడ్డు మీద అదీ మూయాల్సిందే, లేకపోతే పరుపుల నిండా దుమ్మే.

మజిలీ ఎంపికలోనే సగం పని అయిపోతుంది. ఫీనిక్స్ సుమారు 1,100 అడుగుల ఎత్తున ఉంటే, 145 మైళ్ల దూరంలోని ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000 అడుగుల మీద ఉంది. రెండింటి మధ్య ఎండలో సుమారు 20 ఫారన్‌హీట్ డిగ్రీల తేడా ఉంటుంది. జూన్, జూలైల్లో దీన్ని మించిన ఏసీ లేదు.

దిగగానే తలుపు, వెంట్ తెరిచి, నిలవున్న వేడిగాలిని వెళ్లగొట్టాలి. తర్వాత తలుపు మూసి, వెంట్‌లోని ఫ్యాన్ గాలిని బయటికి తోసేలా పెట్టి, దానికి దూరంగా నీడవైపున్న ఒక్క కిటికీ మాత్రం కాస్త తెరవాలి. ఆ సందు దగ్గర పలచని కాగితం ముక్క పట్టుకుంటే లోపలికి రెపరెపలాడాలి. అన్ని కిటికీలూ తెరిస్తే కాగితం కదలదు. ఫ్యాన్ తనకు దగ్గరున్న గాలినే లాగి వదిలేస్తుంది. 12 వోల్టుల ఈ ఫ్యాన్ తక్కువ వేగంలో రాత్రంతా తిరిగినా బ్యాటరీకి భారం కాదు.

తెలంగాణ ఎండల్లో నీళ్ల కూలర్ హాయినిస్తుంది, విశాఖ ఉక్కలో జిడ్డే మిగులుస్తుంది. అమెరికాలోనూ అంతే: అరిజోనా పొడిగాలికి కూలర్ సరిపోతుంది, హ్యూస్టన్ తేమకు పనికిరాదు.

కప్పు మీది ఏసీ సాధారణంగా 13,500 లేదా 15,000 బీటీయూ ఉంటుంది. తనలోంచి వెళ్లే గాలిని అది సుమారు 20 డిగ్రీలే తగ్గిస్తుంది. అంటే లోపల 110 ఉంటే బయటికొచ్చేది 90. అందుకే పొద్దున్నే, లోపల వేడెక్కకముందే మొదలుపెట్టాలి. వడపోత జాలీ కడగడంతో పాటు, సీలింగ్ పలక విప్పి లోపల చూడటమూ అవసరం. చల్లగాలి వెళ్లే గదికీ, వెనక్కి పీల్చే గదికీ మధ్య సందు ఉంటే చల్లదనం అక్కడక్కడే తిరుగుతుంది. ఆ సందును ఫాయిల్ టేపుతో మూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

30 ఆంపియర్ల కనెక్షన్ మీద ఏసీ, మైక్రోవేవ్, వాటర్ హీటర్ కలిసి నడిస్తే బ్రేకర్ పడిపోతుంది. వేడి రోజుల్లో క్యాంపు నిండితే వోల్టేజీ కూడా పడిపోతుంది. 120 ఉండాల్సింది 104కు దిగితే ఏసీ ఆపేయాలి, కంప్రెసర్ కాలిపోవచ్చు. కరెంటు పోయిన ట్రైలర్ చూస్తుండగానే కొలిమి అవుతుంది. ఏసీ నడుస్తోందన్న ధీమాతో పిల్లలనూ, పెంపుడు జంతువులనూ లోపల ఒంటరిగా వదలకూడదు.